కుక్క కరవదు

మా బరంగాయ్ హాలులో, అంటే మా ఊరి పంచాయతీలో, రాజీకి కూర్చోబెట్టడానికి ఒక పద్ధతి ఉంది. ఇరుపక్షాలూ స్వయంగా రావాలి, ఎదురెదురుగా కూర్చోవాలి, లాయర్లు గుమ్మం దాటి లోపలికి రాకూడదు. ఈ చివరి నియమం పెట్టినవాళ్ళెవరో గానీ వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి. రిటైరైన బడిపంతులమ్మను, పైగా నోరు గలదాన్ని కాబట్టి నన్ను రాజీ కుదిర్చే సంఘంలో వేశారు. పక్కింటి పెరట్లో గుడ్డు పెట్టిన కోడి తగాదాలు, తెల్లవార్లూ మైకు పట్టుకుని పాటలు పాడే మొగుళ్ళ తగాదాలు, ఇవే మా దగ్గరికి వచ్చేవి. ఒక మనిషి చావుకు పూచీ ఎవరిదని అడుగుతూ వచ్చిన ఫిర్యాదు లియోన్సియాదే మొదటిది.

లియోన్సియా మా సముద్రపొడ్డున చేపలు ఎండబెట్టి అమ్ముకుంటుంది. భర్త పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు, ఆర్లీన్. నా దగ్గర చదువుకుంది. లెక్కలు రాకపోయినా నవ్వుతూనే బోర్డు దగ్గర నిలబడేది, తిట్టబుద్ధి అయ్యేది కాదు. రోడెల్ అనే వాణ్ణి చేసుకుంది. వాడు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మూడోసారి చెయ్యి విరిగాక తల్లే పిల్లను పడవ ఎక్కించి, జలసంధి దాటించి, బకోలోద్ పట్నంలో ఒక ఇంటి వెనక గది అద్దెకు చూసిపెట్టి వచ్చింది. అప్పటికి ఆ గది ఎక్కడుందో లియోన్సియాకు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. రోడెల్ ఎన్నిసార్లు గుమ్మంలోకి వచ్చి అరిచినా ఆవిడ పెదవి విప్పలేదు.

కానీ తల్లి ప్రాణం ఊరుకోదు కదా. అక్టోబరులో ఎండు చేపలు, తను కుట్టిన రెండు లంగాలు ఒక అట్టపెట్టెలో సర్ది, తాడు కట్టి, పార్సిల్ ఆఫీసుకు మోసుకెళ్ళింది. ఇప్పుడు పార్సిల్ పంపాలంటే ఫోనులో యాప్ ఉండాలి, చిరునామా మనమే అందులో కొట్టాలి. మా వైపు ఇళ్ళకు నంబర్లు ఎక్కడ ఏడ్చాయి. అందుకని చిరునామా కింద ఉన్న ఖాళీ గడిలో గుర్తులు రాస్తాం. ఎంత వివరంగా రాస్తే తెచ్చే కుర్రాడికి అంత సుఖం. ఎండలో బండి వేసుకుని తిరిగే బిడ్డ అవస్థ పడకూడదని లియోన్సియా ఇలా రాసింది: రొట్టెల కొట్టు పక్క సందు. నీలం గేటు. గొళ్ళెం లోపలుంది, పైనుంచి చెయ్యి పెడితే వస్తుంది. వెనకవైపు మెట్లు ఎక్కాలి. మధ్యాహ్నం మూడు దాటాక అమ్మాయి ఒక్కతే ఉంటుంది. కుక్క మొరుగుతుంది గానీ కరవదు.

ఆవిడ ఖాళీ చేతులతో ఆఫీసు మెట్లు దిగడం రోడెల్ చూశాడు. ఇక మిగతాది పోలీసులు చెప్పింది. వాడు అదే ఆఫీసులోకి వెళ్ళి, తన పేరుకే ఒక ఖాళీ పెట్టె పంపుకున్నాడు. దాని నంబరు ఫోనులో వచ్చింది. ఆ నంబరులో చివరి అంకె తగ్గించి చూశాడు. ఎవరిదో చెప్పుల జత కనబడింది. ఇంకొకటి తగ్గించాడు. ఎవరివో మందులు. ఇంకొకటి తగ్గిస్తే లియోన్సియా పేరు, దానికింద ఆవిడ రాసిన గుర్తులన్నీ. నువ్వెవరు, నీకు వీళ్ళ సంగతెందుకు అని ఆ యాప్ వాణ్ణి ఒక్క మాట అడగలేదు. రెండు రోజులాగి మళ్ళీ చూస్తే, ఇచ్చేశామనడానికి సాక్ష్యంగా కుర్రాడు తీసిన ఫొటో కూడా వచ్చింది. ఆర్లీన్ తడి జుట్టుతో, అట్టపెట్టెను గుండెలకు హత్తుకుని, వెనక నీలం గేటు, కాళ్ళ దగ్గర కుక్క.

వాడు మర్నాడే పడవెక్కాడు. మూడు దాటాక వెళ్ళాడు. గేటు పైనుంచి చెయ్యి పెట్టాడు. కుక్క మొరిగింది, కరవలేదు. అంతకంటే నేను చెప్పను, నా వల్ల కాదు.

రోడెల్ దొరికాడు, ఒప్పుకున్నాడు, జైల్లో ఉన్నాడు. ఇంకేం కావాలి అన్నారందరూ. పార్సిల్ కంపెనీవాళ్ళు చావింటికి పూలచక్రం పంపారు. దానిమీద పట్టీలో కంపెనీ పేరు చనిపోయిన పిల్ల పేరు కంటే పెద్ద అక్షరాల్లో ఉంది. దాన్ని తీసుకెళ్ళి మేకలకు వేసింది నేనే, అందుకు నాకేమీ విచారం లేదు. మరి ఆ యాప్ సంగతేమిటని లియోన్సియా అడిగితే, అది మేం చేసింది కాదమ్మా, మనీలాలో సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గర కొన్నాం, వాళ్ళను అడగండి అన్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీని అడిగితే జవాబు ఇంగ్లీషులో వచ్చింది. చదివి చెప్పమని ఆవిడ నా దగ్గరికి పట్టుకొచ్చింది.

అందులో ఉన్నదాన్ని మన మాటల్లో చెబితే ఇంతే. మా సరుకును ఉన్నది ఉన్నట్టుగా అమ్మాం. దానివల్ల ఎవరికి ఏ నష్టం వచ్చినా మా పూచీ లేదని కొన్నవాళ్ళు ముందే ఒప్పుకుని సంతకం పెట్టారు. మా ఒప్పందం పార్సిల్ కంపెనీతో, మీతో కాదు, మీరు మాకు ఎవరూ కారు. ఇకపోతే, అవసరానికి మించిన వ్యక్తిగత వివరాలు రాసినది పంపినవారే అన్న విషయాన్ని సవినయంగా గుర్తుచేస్తున్నాం.

ఆ ఆఖరి ముక్క మళ్ళీ చదవమంది లియోన్సియా. చదివాను. ఆ తర్వాత ఆవిడ మనిషి కాలేదు. చేపలు తిరగేస్తూ తిరగేస్తూ ఆగిపోయేది. దారినపోయేవాళ్ళను నిలబెట్టి, గొళ్ళెం సంగతి రాయకుండా ఉండాల్సిందా అని అడిగేది. చర్చిలో ఫాదర్‌ను అడిగింది, నీళ్ళ మీటరు చూసేవాణ్ణి అడిగింది. కాదమ్మా, నీ తప్పేముంది అని అందరూ అనేవారు. ఊరివాళ్ళు జాలిపడి అనే మాట ఆవిడ చెవికెక్కేది కాదు. కట్టినవాళ్ళకే తెలుస్తుంది కదా ఇంటికి తలుపుందో లేదో, వాళ్ళ నోటితో వింటేనే నమ్ముతానంది. ఆవిడకు కావలసిందల్లా అదొక్కటే.

అందుకే కంపెనీ మీద ఫిర్యాదు పట్టుకుని బరంగాయ్ హాలుకు వచ్చింది. మా బరంగాయ్ పెద్ద, మేమంతా కాప్ అని పిలిచే అంబ్రోసియో, బుర్ర గోక్కున్నాడు. మంచివాడే, కానీ ఎన్నికలు దగ్గరపడితే నీడను చూసి కూడా దండం పెట్టే రకం. రూలు ప్రకారం ఇక్కడికి మనుషుల్నే పిలవగలం, అదీ మన ఊళ్ళో ఉండే మనుషుల్ని, కంపెనీ మనిషి కాదు అన్నాడు.

"డబ్బు తీసుకునేటప్పుడు మనిషేనా కాప్?" అన్నాను.

"నన్నంటే ఏం లాభం టీచర్ యుఫేమియా. రూలు నేను రాశానా?"

రూలు ఆయన రాయలేదు, నిజమే. అయితే ఆ కంపెనీకి చెందిన మనిషి ఒకడు మా ఊళ్ళోనే ఉన్నాడు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.  ఆ పేరు లియోన్సియానే ఎత్తింది.

జెజ్రెల్ ఆవిడకు జ్ఞానస్నానపు కొడుకు. చర్చిలో నీళ్ళు పోసిన రోజు వాణ్ణి ఎత్తుకున్నది ఆవిడే, అందుకే నినాంగ్ అని పిలుస్తాడు. తల్లి హాంగ్‌కాంగ్‌లో ఇంటిపనికి వెళ్ళిపోతే వాడు తిన్నదంతా లియోన్సియా చేతి అన్నమే. ఆర్లీన్, వాడు ఒకే కంచం దగ్గర కొట్టుకుంటూ పెరిగారు. వాడు కంప్యూటర్ చదువు పాసైనప్పుడు లియోన్సియా చేపలమ్మిన సొమ్ముతో, వాడి ముఖం నిలువెత్తున అచ్చు వేయించి, అభినందనలు అని రాయించి ఒక పెద్ద టార్పాలిన్ వీధి మొగలో కట్టించింది. నెల తర్వాత అది ఊడదీసి చేపల మీద వాన పడకుండా కప్పుకోవడానికి వాడుకుంటోంది. ముఖం మాత్రం పైకే ఉంచుతుంది, దారినపోయేవాళ్ళకు కనబడాలని. వాడు ఆ మనీలా కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తాడు. ఆ యాప్ ఆవిడ ఫోనులో వేసి నేర్పిందీ వాడే.

వాడి మీద కోపంతో కాదు టీచర్, వాడైతే నాకు అబద్ధం చెప్పడు అంది లియోన్సియా. ఆ ధైర్యంతోనే వాడి పేరు రాయించింది.

జనవరి ఆఖర్లో ఒక పొద్దున్న కూర్చున్నాం. ప్లాస్టిక్ కుర్చీలు, గీమంటూ తిరిగే ఫ్యాను, గుమ్మంలో ఎవరిదో పుంజు. కంపెనీ లాయరొకాయన విమానంలో దిగాడు. లోపలికి రాకూడదనేసరికి మొహం మాడ్చుకుని, ఆ ఉక్కలో పొడుగు చేతుల చొక్కాతో ఎదురుగా కిరాణా కొట్టు బల్ల మీద కూర్చుని, కాఫీ తాగుతూ ఫోను నొక్కడం మొదలుపెట్టాడు. ఆయన అక్కడ నొక్కినప్పుడల్లా ఇక్కడ జెజ్రెల్ జేబులో ఫోను కొట్టుకునేది.

వాడు లోపలికి రాగానే వంగి, లియోన్సియా చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకున్నాడు, మా వైపు పెద్దవాళ్ళ దీవెన అలాగే తీసుకుంటారు. ఆవిడ కూడా అలవాటుగా చెయ్యి చాపింది. వాడు చిక్కిపోయాడు. ఆర్లీన్ శవపేటిక మోసినవాళ్ళలో వాడూ ఉన్నాడు, ఆ రోజు నుంచి ఆవిడ ఇంటి గడప తొక్కలేదు. ఏడుపుతో రాలేకపోతున్నాడనుకున్నాం అందరం.

కాప్ ప్రార్థన చేయించి, లియోన్సియాను ఏం కావాలో చెప్పమన్నాడు.

"నాకెవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు. నా బిడ్డ తిరిగి రాదు. ఒక్కటే చెప్పమను. వాడికి తలుపు తీసింది నేనా?"

జెజ్రెల్ ఫోను తీసి దాంట్లోంచి చదివాడు. ఈ దురదృష్టకర ఘటనపై సంస్థ ప్రగాఢ విచారం వ్యక్తం చేస్తోందట. సాంకేతిక విషయాలపై తాను వ్యాఖ్యానించలేడట. లియోన్సియా వాడి నోటివంకే చూస్తోంది. వాడు మాట్లాడే మాటల్లో తనకు తెలిసిన కుర్రాణ్ణి వెతుక్కుంటున్నట్టుంది. మళ్ళీ చెప్పరా, నాకు అర్థం కాలేదు అంది. వాడు మళ్ళీ అదే చదివాడు.

నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, చూసి రాసేవాణ్ణి పసిగట్టలేనా.

"జెజ్రెల్, ఆ ఫోను తెచ్చి బల్ల మీద పెట్టు."

"టీచర్, అది..."

"పెట్టు. అది మాట్లాడుతున్నంతసేపూ నువ్వు మాట్లాడలేవు."

ఎనిమిదో తరగతిలో నా బల్ల దగ్గరికి వచ్చినట్టే వచ్చి పెట్టాడు. అది బల్ల మీద గిలగిల్లాడుతూనే ఉంది. కాప్ దానిమీద తన టోపీ బోర్లించాడు. ఆ మనిషి చేసిన మంచి పనుల్లో అదొకటి.

 అసలు సంగతి మాట్లాడనని వాడి చేత సంతకం పెట్టించుకున్నారని, మాట్లాడితే ఉద్యోగం ఊడుతుందని, తప్పు ఒప్పుకున్నట్టు ఒక్క మాట అన్నా కోర్టులో అది వాడి మెడకే చుట్టుకుంటుందని లాయరు భయపెట్టాడని మాకు తర్వాత తెలిసింది.  అయినా వాడు తలెత్తి, కాప్‌తో కాదు, నాతో కాదు, ఆవిడతోనే చెప్పాడు.

"నువ్వు కాదు నినాంగ్. నువ్వు రాసింది తెచ్చే కుర్రాడికి. వాడికి తప్ప ఇంకెవరికీ కనపడకూడదు. కనపడనిచ్చింది మేము. నంబరు మార్చినవాడికల్లా పక్కవాళ్ళ పెట్టె తెరుచుకుంటోంది. అక్కడ తలుపే లేదు, నువ్వు తీయడానికి. నీ తప్పు వీసమెత్తు లేదు."

లియోన్సియా కళ్ళు మూసుకుంది. ఛాతీ మీద బండరాయేదో ఎవరో దించినట్టు ఊపిరి వదిలింది. మూడు నెలలుగా బిగుసుకున్న భుజాలు కిందికి జారాయి. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. గండం గడిచిందనుకున్నాను. కాప్ కూడా అలాగే అనుకుని రాజీ కాగితం ముందుకు లాక్కున్నాడు.

కానీ వాడు ఆగలేదు. ఇన్నాళ్ళూ నొక్కిపెట్టిన నోరు తెరిచాక మూయడం వాడికి చేతకాలేదు. ఆ కన్నాన్ని తానే కనిపెట్టానని, ఆగస్టులోనే పైవాళ్ళకు చెప్పానని అన్నాడు. మా దేశంలో సెప్టెంబరు వచ్చిందంటే క్రిస్మస్ పాటలు మొదలు, పార్సిళ్ళు వరదలా వచ్చిపడతాయి. ఆ సీజన్లో యాప్‌ను ముట్టుకుంటే ఎక్కడైనా ఆగిపోతుందని, జనవరి మొదట్లో వచ్చే ముగ్గురు రాజుల పండగ దాటేదాకా ఎవరూ చెయ్యి పెట్టొద్దని వాళ్ళ ఆజ్ఞ. రెండోసారి చెబితే నోరు మూసుకోమన్నారు. పండగ దాటింది. చెప్పిన మాట ప్రకారం మొన్ననే ఆ కన్నం పూడ్చారట. పని ఒక్క పూట కూడా పట్టలేదట.

లియోన్సియా కళ్ళు తెరిచింది. "ఆగస్టులోనా?"

"అవును."

"నేను పెట్టె పంపింది అక్టోబర్లో."

వాడు టోపీ వంక చూశాడు.

"పంపేముందు నీ దగ్గరికే వచ్చాను కదరా. రాసింది సరిగా ఉందో లేదో చూసిపెట్టమన్నాను."

"చూశాను నినాంగ్."

"నవ్వావు కూడా."

"కుక్క దగ్గర నవ్వాను."

"అప్పటికి నీకు తెలుసు."

ఫ్యాను గీమంటోంది. టోపీ కింద ఫోను కొట్టుకుంటోంది.  

"తెలుసు. చెప్పకూడదన్నారు. లక్షల పెట్టెలు నినాంగ్... మన ఎండు చేపల పెట్టెను ఎవడు వెతుకుతాడులే అనుకున్నాను."

ఆవిడ అరవలేదు, శపించలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఆర్లీన్ దాక్కుని ఉందని నీకు తెలుసు కదరా అని మాత్రం అంది, చాలా మెల్లగా, చిన్నపిల్లాడికి లెక్క మళ్ళీ చెబుతున్నట్టు. వాడు రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

రాజీ కాగితంలో ఏం రాయమంటావని కాప్ అడిగాడు. వీడిచేత ఏం చేయించాలో చెప్పమన్నాడు. వీణ్ణి నేనేం అడగను కాప్, అడగాల్సినవాళ్ళు ఇక్కడికి రారట కదా అంది ఆవిడ. రాజీ కుదరలేదని, ఇక కోర్టుకు వెళ్ళొచ్చని సర్టిఫికెట్ రాసిచ్చాం. కంపెనీ మీద అది ఎందుకూ పనికిరాదని మా అందరికీ తెలుసు. ఆ సాయంత్రమే కంపెనీ నుంచి కబురొచ్చింది. జెజ్రెల్ ఇక తమ ఉద్యోగి కాడని, వాడు చెప్పినవి వాడి సొంత అభిప్రాయాలని, తప్పేదైనా ఉంటే అది ఒక వ్యక్తి నిర్లక్ష్యమని రాశారు. కంపెనీని పిలుద్దామంటే అది మనిషి కాదన్నారు. తీరా మనిషి నోరు విప్పితే వాడు కంపెనీ కాదన్నారు. మా ఊళ్ళో కోడిదొంగకు కూడా ఇంతకంటే సిగ్గుంటుంది.

కానీ అది సాయంత్రం సంగతి. హాలులో లియోన్సియా లేచి నిలబడగానే జెజ్రెల్ ఆవిడ ముందుకు వచ్చి వంగాడు, పొద్దున్న వంగినట్టే, చిన్నప్పటినుంచీ వంగినట్టే. నుదురు ముందుకు పెట్టి చెయ్యి కోసం చూశాడు. ఆవిడ రెండు చేతులూ లంగా మడతల్లో దాచుకుంది. మా వైపు పెద్దవాళ్ళు పగవాడి పిల్లలకు కూడా ఆ చెయ్యి ఇవ్వకుండా ఉండరు. వాడు అలా వంగే ఉన్నాడు. ఆవిడ పక్కనుంచి తప్పుకుని బయటికి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. కొట్టు బల్ల మీద లాయరు లేడు, కాఫీ కప్పు ఉంది.

దారిలో వాన మొదలైంది, కాలం కాని వాన. ఎంత గుండె పగిలినా చేపలు తడిస్తే పాడవుతాయి. ఇద్దరం పరుగెత్తాం. ఆవిడ ఒక కొస, నేనొక కొస పట్టుకుని చేపల తడికల మీద టార్పాలిన్ పరిచాం. ముఖం పైకే వచ్చింది. అభినందనలు అన్న అక్షరాలు సగం మాసిపోయాయి గానీ ఆ కుర్రాడి నవ్వు చెక్కు చెదరలేదు. చెంప దగ్గర ముడత పడి నీళ్ళు నిలిచాయి. లియోన్సియా అరచేత్తో ఆ నీళ్ళు తోసేసి, ముడత సరిచేసి, రెండోసారి కూడా నిమిరి, అప్పుడు చూసుకుంది తన చేతిని.

వానలో అలాగే నిలబడిపోయింది. లోపలికి రమ్మని భుజం పట్టుకున్నాను. కదల్లేదు.

"ఆర్లీన్ ఉంటే వాణ్ణి నాలుగు తిట్టి, అన్నం పెట్టేది టీచర్," అంది. "నాకు ఆ రెండూ చేతకావడం లేదు."